మైకు పిన్ని చదివిన రాళ్ల పుస్తకం

ఇరవై ఆరేళ్ల పాటు ఆ ఊళ్లో బస్సెక్కిన ప్రతివాళ్లూ ఆమె మాట విన్నారు. ఆమె ముఖం చూసినవాళ్లు మాత్రం బహు తక్కువ. బస్టాండులో విచారణ కిటికీ పక్కనుంచి ఇనుప మెట్లెక్కి వెళ్తే పైన ఒక అద్దాల గది. అందులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో, ఎవరి సంచి ఎక్కడ దొరికిందో చెప్పడం ఆమె ఉద్యోగం. తోటివాళ్లు మైకమ్మ అనేవాళ్లు.

ఆమె భర్త ఆ బస్సుల్లోనే ఒకదానికి డ్రైవరు. పెళ్లికి ముందు రెండేళ్లు ఆయనకు ఆమె గొంతుతోనే పరిచయం. తన బస్సు నంబరు ఆమె నోట వినపడేదాకా ఇంజను స్టార్టు చేసేవాడు కాదట. "మిగతావాళ్ల నంబర్లు గబగబా చెప్పేసేది, నాది మాత్రం సాగదీసేది" అని ఇప్పటికీ అందరితో అంటాడు. "ఆయన నంబరులో రెండు సున్నాలుండేవి, అందుకే సాగింది" అంటుంది ఆమె, ముఖం పక్కకు తిప్పుకుని.

ఒకరోజు పొద్దున ఆ అద్దాల గదిలోకి ఒక పెట్టె వచ్చింది. ఎక్కడో ఎవరో అమ్మాయి ముందే పలికి పెట్టిన ముక్కలను అతికించి వినిపించే పెట్టె. అంకెకూ అంకెకూ మధ్య అతుకు తెలుస్తూనే ఉంటుంది. ఎక్కడా తగ్గదు, హెచ్చదు, జలుబు చేయదు. మైకమ్మను కిందికి దించి, పోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు. వాటితో నాలుగేళ్లు కాపురం చేసి, ఇక నావల్ల కాదని ముందుగానే పదవీ విరమణ తీసుకుంది.

ఇంట్లో ఏం చేయాలో తోచేది కాదు. మధ్యాహ్నాలు మరీ పొడుగ్గా ఉండేవి. వార్తాపత్రిక పైకి చదివి భర్తకు వినిపించేది. పట్టుమని పది నిమిషాలు కాకముందే ఆయన కుర్చీలో తల వాల్చేసేవాడు. ఆమె మాత్రం ఆపేది కాదు. ఎండ గోడ మీదనుంచి నేల మీదికి జారి, నేల మీదనుంచి ఆయన పాదాల మీదికి పాకేదాకా చదువుతూనే ఉండేది. వినేవాళ్లు లేకపోయినా గొంతుకు పని కావాలి కదా.

అలాంటి ఒక మధ్యాహ్నం అక్క కూతురు వచ్చింది. ఆ పిల్ల కాలేజీలో సలహాదారుగా పనిచేస్తుంది.

"పిన్నీ, నీ గొంతు ఖాళీగా ఉందా?"

"గొంతు ఖాళీగా ఉండటమేంటే? కాఫీ పోస్తావా ఏంటి?"

"పని ఇస్తాను. మా పిల్లలకి పుస్తకాలు చదివి రికార్డు చేయాలి."

ఆ పిల్లలు ఎవరో, ఏమిటో అక్క కూతురు చెప్పుకొచ్చింది. మైకమ్మకు ఒక పట్టాన కొరుకుడు పడలేదు.

"కాలేజీ దాకా వచ్చినవాళ్లకి చదవడం రాకపోవడమేంటి?"

"రాక కాదు పిన్నీ. నువ్వు ఒక పేజీ చదివే టైములో వాళ్లు ఒక పేరా చదువుతారు. అది చదివేసరికే ఒళ్లు హూనమైపోతుంది, అర్థం చేసుకునే ఓపిక మిగలదు. అదే చెవితో వింటే ఇట్టే పట్టేస్తారు."

"కళ్లద్దాలు పెట్టించకపోయారా?"

"కంటి జబ్బు కాదు. అక్షరాన్ని శబ్దంగా మార్చుకునే పని వాళ్ల మెదడులో వేరేలా జరుగుతుంది. డిస్లెక్సియా అంటారు. పుట్టుకతో వచ్చేదే. చిన్నప్పుడు ఎవరూ కనిపెట్టరు. మొద్దు, సోమరి అనిపించుకుంటూ, ఎలాగో నెట్టుకుంటూ మా దాకా వచ్చేస్తారు. బాబాయ్‌కి చదివేదేదో వీళ్లకి చదివి పెట్టు. వీళ్లయితే నిద్రపోరు."

డ్రైవరుగారు కళ్లు తెరవకుండానే "నేను వింటున్నాను" అన్నాడు.

అలా వారం తిరక్కుండా ఆమె కాలేజీకి వెళ్లింది. మేడ మీద, పాత పటాలు దాచే గది పక్కన అక్క కూతురి గది. 'అభ్యసన ఇబ్బందులు గల విద్యార్థుల సహాయ కేంద్రం' అని బయట బోర్డు. బోర్డు గదికన్నా పొడుగు. లోపల రెండు బల్లలు, నాలుగు కుర్చీలు, పుస్తకంలో చదివే వరుస తప్ప మిగతావి కనిపించకుండా అడ్డం పెట్టుకునే అట్టముక్కలు, హెడ్‌ఫోన్లు. రికార్డింగు కోసం పటాల గదినే సగానికి విడదీసి గోడలకు పాత తివాచీలు వేలాడదీశారు. తలుపు వేస్తే బయటి ప్రపంచం ఆగిపోయేది. తన ఊపిరి తనకే వినపడేది. బల్ల మీద వాలుగా ఒక చెక్క స్టాండు, దాని మీద పుస్తకం, ఎదురుగా మైకు. మైకును చూడగానే, ఎక్కడో తప్పిపోయిన చుట్టం ఎదురుపడినట్టు ఆమె మనసు ఎగిరి గంతేసింది.

మొదటి పుస్తకం భూగర్భశాస్త్రం. రాళ్లు, పొరలు, సముద్రాలు. ఆమె చదువు హైస్కూలుతో ఆగింది. తెలియని మాటలు అడుగడుగునా తగిలాయి. అయినా వెనుదీయలేదు. ఒక్క రోజులో నలభై పేజీలు లాగించి, సాయంత్రం తల ఎత్తుకుని ఇంటికి వెళ్లింది.

మూడో రోజు ఆ పుస్తకం అడిగిన అమ్మాయి వచ్చింది. బాగా పొడగరి. గుమ్మం చాలా ఎత్తుగానే ఉన్నా తల వంచుకునే లోపలికి వచ్చింది. ఎక్కడికి వెళ్లినా తల వంచుకుని వెళ్లడం ఆమెకు అలవాటని తర్వాత తెలిసింది.

"బాగుందా అమ్మా?" అని మైకమ్మ ఆశగా అడిగింది.

పొడుగమ్మాయి నీళ్లు నమిలింది. అక్క కూతురి వైపు చూసింది. చివరికి ధైర్యం తెచ్చుకుని, "చాలా స్పష్టంగా ఉందండీ. కానీ మీరు చదువుతుంటే బస్సు తప్పిపోతుందేమోనని భయమేస్తోంది" అంది.

అక్క కూతురు నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తింది. మైకమ్మకు ముందు రోషం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది.

"ఇంకోటండీ, పదిహేడో పేజీలో ఏదో జంతువు అరిచింది. అది పుస్తకంలో ఉందా?"

"అది నా కడుపమ్మా. ఆ పూట తినలేదు."

నలభై పేజీలూ మళ్లీ మొదటినుంచి చదవాల్సి వచ్చింది. ఈసారి ఆమె తాను చదువుతున్నదాన్ని తాను కూడా వింది. సముద్రంలో బతికిన సూక్ష్మజీవుల గుల్లలు ఒక్కొక్కటిగా అడుగుకు రాలుతాయి. రాలినవి పేరుకుంటాయి. అంగుళం మందం రాయి కావడానికి వేల ఏళ్లు పట్టవచ్చు. ఆ వాక్యం దగ్గర ఆమె ఆగిపోయింది. అంత నిదానంగా తయారైనదాన్ని తాను ఎంత హడావిడిగా చెప్పేసింది! మళ్లీ మొదలుపెట్టి, ఒక వాక్యం పలికి, అది అడుగుకు దిగేదాకా ఆగి, ఇంకోటి పలికింది. తివాచీల మధ్య, ఆ మసక వెలుతురులో, గది నిండా నీళ్లు నిండుతున్నట్టు, తన మాటలు తెల్లటి గుల్లల్లాగా ఒక్కొక్కటే కిందికి దిగుతున్నట్టు అనిపించింది. గంట గడిచి అక్క కూతురు తలుపు తట్టినప్పుడు ఎక్కడున్నదీ చప్పున గుర్తు రాలేదు.

బొమ్మల దగ్గర చిక్కొచ్చింది. పుస్తకంలో బొమ్మ ఉంటే చెవికి ఏం చెప్పాలి? 'బొమ్మ చూడండి' అని వదిలేస్తే వినేవాళ్ల నోట్లో మన్ను కొట్టినట్టే. ఆమె బొమ్మల్ని మాటల్లోకి దించడం నేర్చుకుంది. "ఇక్కడ రాతి పొరలు ఉన్నాయి. ఉతికిన దుప్పటిని రెండు వైపులనుంచి లోపలికి నెడితే మధ్యలో ఎలా లేస్తుంది? అలా లేచాయి. లేచినచోట పైభాగం అరిగిపోయింది" అని చెప్పేది. పొడుగమ్మాయి అది వింటూ గాలిలో చేత్తో గీతలు గీసేది. తర్వాత కాగితం మీద గీస్తే అచ్చం పుస్తకంలో ఉన్నట్టే వచ్చేది.

"ఇంత బాగా గీస్తావు, అక్షరాలేం చేశాయమ్మా నిన్ను?" అని ఒకసారి అడిగింది.

పొడుగమ్మాయి ఆలోచించింది. "అక్షరాలు కదులుతాయా అని అడుగుతారందరూ. నాకలా కాదు పిన్నీ. అవి ఉన్నచోటే ఉంటాయి. నేనే వాటి దగ్గర నిలబడలేను. ఒకదాని మీద కాలు పెట్టేలోపు వెనకది మర్చిపోతాను. రాయి అలా కాదు. చేతిలోకి తీసుకుంటే అదెవరో అదే చెప్తుంది."

అప్పటికే ఆమె 'పిన్నీ' అనడం మొదలుపెట్టింది. అక్క కూతురు పిలిచే పిలుపు విని, ఆ గదికి వచ్చేవాళ్లందరూ మైకు పిన్ని అనే అన్నారు. రాళ్ల పుస్తకం అయ్యాక అర్థశాస్త్రం, దాని తర్వాత మొక్కల శాస్త్రం చదివింది. పక్క కాలేజీలవాళ్లు కూడా రికార్డింగులు అడిగి పట్టుకెళ్లారు.

ఒక మధ్యాహ్నం బస్సులో ఇంటికి వెళ్తోంది. కిటికీ పక్క సీటులో ఎవరో కుర్రవాడు చెవుల్లో తీగలు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆ తీగల్లోంచి దోమ పాటలాగా సన్నగా ఒక గొంతు లీకవుతోంది. 'నది వంపు తిరిగేచోట బయటి ఒడ్డును కోస్తుంది. లోపలి ఒడ్డున ఇసుక పేరుస్తుంది.' తన గొంతే! ఎప్పుడో పలికి మర్చిపోయిన వాక్యం, పక్క సీట్లో, ముక్కూ మొహం తెలియని మనిషి తలలో తిరుగుతోంది. చెప్పాలనుకుంది. నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. మాట్లాడితే నది ఆగిపోతుందేమో అనిపించింది. బయట చెట్లూ దుకాణాలూ మెల్లగా వెనక్కి ప్రవహిస్తున్నాయి. ఆమె తన గొంతు తానే వింటూ కూర్చుని, దిగాల్సిన చోటు దాటి నాలుగు స్టాపులు వెళ్లిపోయింది. ఇంటికి నడిచి వచ్చి సంగతి చెబితే డ్రైవరుగారు విరగబడి నవ్వాడు.

పరీక్షలు దగ్గరపడ్డాక అసలు గొడవ మొదలైంది.

పొడుగమ్మాయికి నిరుటివి రెండు పేపర్లు మిగిలిపోయి ఉన్నాయి. బయటికి తీసుకెళ్లి రాళ్లు చూపిస్తే అందరికన్నా ముందు చెప్పే పిల్లకి, పరీక్ష హాల్లో ప్రశ్నలు చదువుకునేసరికే గంట గడిచిపోయేది. ఇలాంటివాళ్లకు విడిగా ఒక గది, గంట అదనపు సమయం, ప్రశ్నలు చదివి వినిపించే మనిషి, ఇవన్నీ అడిగితే ఇస్తారని అక్క కూతురు దరఖాస్తు ముందు పెట్టింది. పరీక్షలు చేసి డిస్లెక్సియా ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం సిద్ధంగా ఉంది. సంతకం పెట్టడమే తరువాయి. పొడుగమ్మాయి కలం ముట్టుకోలేదు.

"అందరూ మూడు గంటల్లో రాస్తుంటే నాకు నాలుగెందుకు? జాలి పడి పాస్ చేశారంటారు. ఇంట్లో మా అమ్మే అంటుంది, బుద్ధిగా కూర్చుంటే అదే వస్తుందని."

అక్క కూతురు చెప్పి చూసింది. మైకు పిన్ని బతిమాలింది. ఆ పిల్ల తల అలాగే వంచుకుని ఉంది. ఇక లాభం లేదని మైకు పిన్ని ఆ సాయంత్రం ఆమెను టీకి ఇంటికి తీసుకెళ్లింది. పెరట్లో ముగ్గురూ కూర్చున్నారు. కాసేపు ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు. డ్రైవరుగారు బిస్కట్టు టీలో ముంచి, అది విరిగి పడిపోయాక చెంచాతో వెతుకుతూ, ఎవరితోనో అన్నట్టు మొదలుపెట్టాడు.

"మా డిపోలో రెండు రూట్లుండేవి. రెండూ అరవై కిలోమీటర్లే. ఒకటి తిన్నగా వెళ్లే రోడ్డు, గంటన్నర ఇచ్చేవాళ్లు. రెండోది కొండ మీదుగా. దానికి రెండున్నర గంటలు. నేను పదకొండేళ్లు కొండ రూటే తోలాను."

"అయితే?" అంది మైకు పిన్ని, ఈయన ఎటు పోతున్నాడో అర్థంకాక.

"అయితే ఏముంది? నా మీద జాలిపడి గంట ఎక్కువిచ్చారని ఎవడూ అనలేదు. అన్నవాడికి స్టీరింగు ఇచ్చి, ఒక్క ట్రిప్పు వెళ్లి రమ్మనేవాణ్ణి."

పొడుగమ్మాయి టీ చల్లారిపోయేదాకా కప్పులోకి చూస్తూ కూర్చుంది. వెళ్తూ వెళ్తూ, "ఆ దారిలో మలుపులు ఎన్నండీ?" అని ఆయన్ని అడిగింది. "నూట పద్నాలుగు" అన్నాడు ఆయన వెంటనే. మర్నాడు పొద్దున్నే వచ్చి దరఖాస్తు మీద సంతకం పెట్టింది.

తర్వాతి అడ్డంకి రాళ్ల ప్రొఫెసరు. విభాగం అధిపతిగా ఆయన సంతకం కూడా కావాలి. ఆయన ఒంటికాలి మీద లేచాడు. చదవడం రానివాళ్లకు డిగ్రీ ఎందుకన్నాడు. అక్క కూతురు ఓపిగ్గా విని, "నిరుటి ప్రశ్నలు మీరే చదివి వినిపించండి సార్, నోటితో చెప్పమనండి" అంది. ఆయన అయిష్టంగా మొదటిది అడిగాడు. పొడుగమ్మాయి చెప్పింది. రెండోది అడిగాడు. మూడోదాని దగ్గర ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఐదోదానికి ఇద్దరూ ఒక రాయి గురించి వాదించుకుంటున్నారు. చివరికి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇదంతా నిరుడు కాగితం మీద ఎందుకు పెట్టలేదమ్మా?" అని అడిగాడు, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని. సంతకం పెట్టాడు.

ప్రశ్నలు చదివే పని మైకు పిన్నికే పడింది. అక్క కూతురు ముందే హెచ్చరించింది. "అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదవాలి పిన్నీ. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. వివరించకూడదు, ఏ మాటా నొక్కి పలకకూడదు. గొంతుతో కూడా సాయం చేయకూడదు."

పరీక్ష గది చిన్నది. ఒక కిటికీ, ఒక గోడ గడియారం, మూలన కాపలాగా ఒక మేడమ్. మైకు పిన్ని ప్రశ్నలన్నీ ఒకసారి చదివింది. పొడుగమ్మాయి కళ్లు మూసుకుని వింది. తర్వాత రాయడం మొదలుపెట్టింది. రాత నిదానం, అక్షరాలు వంకర, కానీ కలం ఆగలేదు.

నాలుగో ప్రశ్న దగ్గర మైకు పిన్ని చూపు ఆ కాగితం మీద ఆగిపోయింది. భూమి లోపలే చల్లారి గట్టిపడిన శిలల గురించి రాయమని ప్రశ్న. ఆ పిల్ల గీస్తున్నది నిప్పులు కక్కే కొండ. బయటికి ఉబికివచ్చి చల్లారినవాటి గురించి రాస్తోంది! ఆ పాఠం మైకు పిన్ని స్వయంగా రెండుసార్లు చదివింది. తప్పని తెలుసు. దగ్గితే చాలు, ఆ పిల్ల తల ఎత్తుతుంది. ఆమె దగ్గలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూసింది. అక్కడ మబ్బు ఒకటి ఏ తొందరా లేకుండా కరుగుతోంది. పేజీ నిండింది. ఇంకో పేజీ. ఆ పిల్ల ఐదుకు వెళ్లింది, ఆరుకు వెళ్లింది. మూడు గంటలు గడిచాయి. కింద హాల్లో కుర్చీలు కదిలిన చప్పుడు, మెట్ల మీద పిల్లల మాటలు, తర్వాత అవీ ఆగిపోయాయి. ఇక ఆ భవనంలో తాము ముగ్గురే ఉన్నట్టు, కాలం అందరికీ అయిపోయి తమకు మాత్రం కాస్త మిగిలినట్టు అనిపించింది.

ఇంకో అరగంట ఉందనగా పొడుగమ్మాయి తల ఎత్తింది. "నాలుగోది ఇంకోసారి చదవండి."

మైకు పిన్ని ప్రశ్నపత్రం అందుకుంది. లోపలంతా 'లోపలే, లోపలే' అని అరుస్తోంది. ఆ మాటను ఒక్క పిసరు నొక్కితే చాలు. అప్పుడు ఆమెకు బస్టాండులోని ఆ పెట్టె గుర్తుకొచ్చింది. దాన్ని ఇన్నేళ్లూ తిట్టుకుంది. ఆ నిమిషాన మాత్రం దాని దగ్గర అరువు తెచ్చుకున్నట్టుగా, ఎగుడూ దిగుడూ లేని గొంతుతో ప్రశ్నను మొదటినుంచి చివరిదాకా చదివింది.

కలం ఆగింది. పొడుగమ్మాయి తన పేజీ చూసుకుంది. పెదవులు కదిలాయి. రెండు పేజీల మీదా అడ్డంగా గీత కొట్టేసి, కొత్త కాగితం తీసుకుంది. ఆ అరగంటలో జవాబు ముప్పాతిక భాగం రాయగలిగింది.

ఆ పేపరు గట్టెక్కింది. గొప్ప మార్కులేం రాలేదు, యాభై ఎనిమిది. నిరుడు మిగిలిపోయిన రెండింటిలో అలా ఒకటి పాసైంది, ఇంకోటి మళ్లీ తప్పింది. ఆ రోజు సహాయ కేంద్రంలో మైకు పిన్ని ముందు పొడుగమ్మాయి వెక్కివెక్కి ఏడ్చింది, తర్వాత ముఖం కడుక్కుని, తప్పిన పేపరు పుస్తకం మళ్లీ మొదటి పేజీనుంచి చదివి పెట్టమంది. ఈసారి ఇద్దరూ కలిసే కూర్చున్నారు. ఆమె అడిగినచోటల్లా పిన్ని ఆపింది. ఆరునెలల తర్వాత అదీ పాసైంది.

ఇప్పుడు ఆ అమ్మాయి వేరే ఊళ్లో, వంతెనలు కట్టేముందు నేలను పరీక్షించే కంపెనీలో పనిచేస్తోంది. ఉత్తరాలు రాయదు, ఫోనులో మాటల్ని పంపిస్తుంది. మొన్న వచ్చిన మాట ఐదు నిమిషాలుంది. వెనక గాలి హోరు, యంత్రమేదో తిరుగుతున్న చప్పుడు.

"పిన్నీ, ఇవాళ నలభై అడుగుల లోతునుంచి మట్టి తీశాం. పైన ఎర్రది, కింద బూడిద రంగు, దాని కింద మెత్తగా వెన్నలాంటిది. మా పై ఆఫీసరుకి మొదటిరోజే చెప్పేశాను, నాకు డిస్లెక్సియా ఉంది, రిపోర్టు నోటితో చెప్తే ఫోనే రాసిపెడుతుంది, ఒకసారి ఎవరైనా సరిచూడాలి అని. ఆయన సరేనన్నాడు. అంతే! ఇంత చిన్న విషయానికి నాలుగు రాత్రులు నిద్రపోలేదు నేను."

డ్రైవరుగారికి ఈమధ్య చెవి కాస్త మందగించింది. ఆయన కోసం రెండోసారి పెద్దగా పెట్టింది. పెరట్లో ఎండ పల్చబడుతోంది. బదులు చెప్పడానికి మైకు పిన్ని బటన్ నొక్కి పట్టుకుంది. చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి. ఆ వెన్నలాంటి మట్టి చల్లగా ఉంటుందా అని అడగాలనుకుంది. భోజనం వేళకు చేస్తున్నావా అని కూడా. కానీ ఆ నలభై అడుగుల లోతులో ఉండే చీకటి, ఎవరూ చూడని ఆ బూడిద రంగు, కళ్ల ముందు అలా నిలిచిపోయాయి. వేలు తీసేశాక చూసుకుంటే అప్పటికే వెళ్లిపోయింది, నలభై సెకన్ల నిశ్శబ్దం. అందులో ఒక పిచ్చుక కూత, ఆయన కుర్చీ కిర్రుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అయ్యో, ఖాళీది పంపించానండీ" అంది కంగారుగా.

కాసేపటికి బదులొచ్చింది, ఒక్క ముక్క.

"మొత్తం విన్నాను పిన్నీ."